సముద్రం లేని ఊరి నుంచి క్రూయిజ్ షేర్లు: ఏళ్ల తరబడి పట్టుకున్నాక నా సమీక్ష

ముందే చెప్పేస్తా. కార్నివాల్, రాయల్ కరీబియన్ అనేవి క్రూయిజ్‌లు, అంటే విహారయాత్రల ఓడలు నడిపే కంపెనీలు. ఆ షేర్లు రెండూ నాకు లాభమే ఇచ్చాయి. కాకపోతే ఈ షేర్లు కొనమని చెప్పేవాళ్లు చూపించే కారణాలు రెండు: డివిడెండ్ (కంపెనీ షేరుకు ఇంత అని పంచే డబ్బు), షేర్‌హోల్డర్లకు ఓడలో ఇచ్చే ఉచిత ఖర్చు డబ్బు. ఆ రెండిటి వల్ల నా చేతికి వచ్చింది చాలా తక్కువ. లాభమంతా ధర పెరగడం వల్లే వచ్చింది, కొంత డాలర్ పెరగడం వల్ల.

ఉచిత ఖర్చు డబ్బు అంటే ఏంటో తెలియనివాళ్ల కోసం. కంపెనీ షేర్లు కనీసం 100 మన పేరున ఉండి, ఆ కంపెనీ ఓడ ఎక్కితే, గదికి ఇంత అని ఓడలోని మన ఖాతాలో వేస్తారు. రాయల్ కరీబియన్‌లో 5 రాత్రుల దాకా ప్రయాణానికి 50 డాలర్లు, 6 నుంచి 9 రాత్రులకు 100, 14 రాత్రులు, ఆపైన అయితే 250. కార్నివాల్‌లోనూ దాదాపు ఇలాగే. ఆ కంపెనీకే చెందిన ప్రిన్సెస్, హాలండ్ అమెరికా ఓడల్లో కూడా చెల్లుతుంది. నగదుగా ఇవ్వరు, ఇంకొకరికి బదిలీ చేయనివ్వరు. కార్నివాల్ అయితే క్యాసినోకీ టిప్పులకీ కూడా వాడనివ్వదు.

నేను కొన్నది 2020 జులైలో. అప్పటికి కరోనా వల్ల ప్రపంచంలో క్రూయిజ్ ఓడలు దాదాపు అన్నీ లంగరేసి ఉన్నాయి. జపాన్‌లోని యోకొహామా రేవులో డైమండ్ ప్రిన్సెస్ ఓడను క్వారంటైన్‌లో పెట్టిన దృశ్యాలు ఫిబ్రవరిలోనే టీవీల్లో చూశాం. జనవరిలో 50 డాలర్లున్న కార్నివాల్ 15కి, 130 దాటి ఉన్న రాయల్ కరీబియన్ 50కి దొరుకుతున్నాయి. రెండూ వందేసి తీసుకున్నా. డాలర్ 75 రూపాయలు ఉన్నప్పుడు మొత్తం 5 లక్షలకు కాస్త తక్కువ. నార్వేజియన్ అనే ఇంకో క్రూయిజ్ కంపెనీ జోలికి పోలేదు, అది మామూలు రోజుల్లోనే డివిడెండ్ ఇచ్చే కంపెనీ కాదు.

మా బామ్మర్ది అడిగాడు: "బావా, మన అనంతపురంలో చెరువులోనే నీళ్లుండవు, నీకు ఓడల షేర్లేంది?" ప్రశ్న సరైందే. నా లెక్క ఏంటంటే, ఎప్పటికైనా ఓడలు కదలక తప్పదు, అవి కదిలినప్పుడు డివిడెండ్ తిరిగొస్తుంది, ఈలోపు ఆగగలను. ఆగే ఓపిక మా జిల్లా వాళ్లకు వాన దగ్గరే అలవాటైపోయింది.

డబ్బు పంపడం అప్పట్లో పెద్ద పని. బ్యాంకులో ఏ2 ఫారం (విదేశాలకు డబ్బు పంపేటప్పుడు నింపేది) అడిగితే కౌంటర్లో ఉన్న అబ్బాయి "ఎవరి చదువుకు సార్?" అన్నాడు. మన జిల్లాల్లో విదేశాలకు డబ్బు పంపేది పిల్లల ఫీజులకే కదా! విదేశీ షేర్లకు అని చెప్పి, రిజర్వు బ్యాంకు ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల దాకా అనుమతిస్తుందని చూపిస్తే, మేనేజరు వచ్చి, ఇంకో ఆఫీసుకు ఫోన్ చేసి, మరో రోజు రమ్మన్నారు. ఇప్పుడు యాప్‌లలో ఇదంతా సులువు. కాకపోతే పంపే ప్రతిసారీ ఫీజు, మారకంలో కోత తప్పవు. ఏడాదిలో పంపింది 10 లక్షలు దాటితే ఆపైన మొత్తానికి 20 శాతం టీసీఎస్ అనే పన్ను ముందే పట్టుకుంటారు. అది రిటర్నులో సర్దుబాటు అవుతుంది, కానీ అన్నాళ్లు మన డబ్బు మన దగ్గర ఉండదు.

ఇక డివిడెండ్ సంగతి. కార్నివాల్ 2020కి ముందు మూడు నెలలకోసారి షేరుకు 50 సెంట్లు ఇచ్చేది. 2020 మార్చిలో ధర పడిపోగానే చాలా వెబ్‌సైట్లు పాత డివిడెండ్‌ను కొత్త ధరతో భాగించి 15, 16 శాతం అని చూపించాయి. ఆ అంకె చూసి కొన్నవాళ్లున్నారు. ఆ నెల దాటకముందే కంపెనీ డివిడెండ్ ఆపేసింది. అంతటితో ఆగలేదు. 8 డాలర్లకు కొత్త షేర్లు అమ్మింది, 11.5 శాతం వడ్డీకి 400 కోట్ల డాలర్ల అప్పు తెచ్చింది. ఈ కంపెనీలు పనామాలో, లైబీరియాలో రిజిస్టరైనవి కాబట్టి అమెరికా ప్రభుత్వ సాయం కూడా అందలేదు. పన్ను తక్కువని అక్కడ పెట్టుకున్న చిరునామా కష్టకాలంలో అడ్డమొచ్చింది.

కాబట్టి ఓడలు కదిలాక కూడా మా దాకా ఏమీ రాలేదు. అమెరికా రేవుల నుంచి ప్రయాణాలు 2021 జూన్‌లో మొదలయ్యాయి, 2023కి ఓడలు కిటకిటలాడాయి. కానీ కార్నివాల్ 2019లో కట్టిన వడ్డీ సుమారు 20 కోట్ల డాలర్లైతే, 2023లో 200 కోట్లు పైగా. షేర్ల సంఖ్య 70 కోట్ల లోపు నుంచి 125 కోట్ల దాకా పెరిగింది. పొలం మనదే, కానీ కౌలు మొత్తం అప్పులవాడు పట్టుకుపోతున్నాడు, పైగా వాటాదారులు దాదాపు రెట్టింపయ్యారు. 2022 అక్టోబరులో షేరు 7 డాలర్ల లోపుకు కూడా వెళ్లింది. అంటే ఓడలన్నీ ఆగిపోయినప్పటి కన్నా, మళ్లీ తిరుగుతున్నప్పుడే తక్కువ. ఆ నెలల్లో నిజంగా టెన్షనే. అప్పుడు అమ్మకపోవడానికి ధైర్యం కన్నా, ఆ డబ్బుతో వెంటనే పని లేకపోవడమే కారణం.

రాయల్ కరీబియన్ డివిడెండ్ 2024లో తిరిగొచ్చింది, షేరుకు 40 సెంట్లతో. వంద షేర్లకు 40 డాలర్లు. ఆ మాత్రానికి ఇంటికి తెప్పించుకుంటే ఫీజులకే సగం పోతుంది. ఖాతాలో ఊరికే ఉంచడానికీ లేదు, 180 రోజుల్లోగా మళ్లీ పెట్టుబడి పెట్టాలి లేదా వెనక్కి తేవాలి. అందుకని ముక్క షేర్లు (ఒక షేరులో కొంత భాగం) కొంటూ పోయా. తర్వాత డివిడెండ్ త్వరత్వరగానే పెంచారు. కార్నివాల్ మాత్రం 2025 డిసెంబరుకు గానీ తిరిగి ప్రకటించలేదు, అదీ 15 సెంట్లు.

ఓడ ఎక్కింది 2024 సంక్రాంతి తర్వాత. సింగపూర్ నుంచి పెనాంగ్, ఫుకెట్ మీదుగా రాయల్ కరీబియన్ 4 రాత్రుల ప్రయాణం. మనకు బెంగళూరు విమానాశ్రయం హైవే మీద తిన్నగా వెళ్తే వచ్చేస్తుంది కాబట్టి అంతవరకూ ఇబ్బంది లేదు. షేర్‌హోల్డర్ ఫారం నింపి, షేర్లు ఉన్నట్టు స్టేట్‌మెంట్ జతచేసి, బయల్దేరే ముందే పంపాలి. ఇక్కడ మనవాళ్లందరికీ తగిలే చిక్కొకటి ఉంది: పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా, షేర్ల ఖాతాలో ఒక్క అక్షరంగా ఉంటే వాళ్లకు ఇద్దరు మనుషుల్లా కనిపిస్తుంది. పాన్ కార్డు కాపీ కూడా పంపి వివరణ రాస్తే ఒప్పుకున్నారు. ఖాతా తెరిచేటప్పుడే పాస్‌పోర్టులో ఉన్నట్టు పేరు రాసుకుంటే ఈ తిరుగుడు ఉండదు.

50 డాలర్లు వచ్చాయి. సంతోషమే. కానీ ఆ ఓడలో టిప్పులే మనిషికి రోజుకు 18 డాలర్లు. ఇద్దరికి 4 రాత్రులకు అయ్యేదాంట్లో ఆ యాభై మూడో వంతు. టూర్ ప్యాకేజీగా బుక్ చేశాం కాబట్టి మొదటి రూపాయి నుంచే 5 శాతం టీసీఎస్ పడింది. ఓడ మాత్రం అద్భుతంగా ఉంది. మా ఆవిడ డెక్ మీద నుంచి లోపలికి రానంది. అయినా ఆ యాభై డాలర్లు లేకపోయినా మేం వెళ్లేవాళ్లమే.

ఈ ఉచిత ఖర్చు డబ్బు అనే బహుమతి గురించి ఎవరూ చెప్పని లెక్క ఇది. కార్నివాల్ 15 డాలర్లున్నప్పుడు వంద షేర్లు 1500. ఏడాదికి ఒక వారం ప్రయాణం చేసి 100 డాలర్లు తీసుకుంటే ఆరున్నర శాతం పైమాటే, నోరూరుతుంది. కానీ షేరు ఆ ధరకు దొరికింది ఓడలు ఆగిపోయాయి కాబట్టే, ఆ ఏడాది ఎక్కడానికి ఓడే లేదు. రాయల్ కరీబియన్ 2025లో 300 డాలర్లు దాటింది. అప్పుడు వంద షేర్లంటే 30 వేల డాలర్లు. దాని మీద యాభయ్యో వందో లెక్కలోకి రాదు. ఓడలున్నప్పుడు బహుమతి చిన్నది, బహుమతి పెద్దదిగా కనిపించినప్పుడు ఓడల్లేవు.

ఒక చిన్న పిట్టకథ. కష్టకాలంలో రాయల్ కరీబియన్ అమ్మేసిన ఓడల్లో ఎంప్రెస్ ఆఫ్ ది సీస్ ఒకటి, 1990 నాటిది. అది తుక్కుకు పోలేదు. మన దేశంలో క్రూయిజ్‌లు నడిపే కార్డీలియా వాళ్ల ఎంప్రెస్ అయ్యి 2022 జూన్‌లో విశాఖ రేవుకు వచ్చింది. మా బంధువులు అది ఎక్కుతూ "నీ షేర్లతో మాకేమైనా తగ్గిస్తారా?" అని ఫోన్ చేశారు. అమ్మేసిన ఇంట్లో అద్దె అడిగినట్టుంటుందని చెప్పా. కార్నివాల్ పాత ఓడలు కొన్నయితే టర్కీలోని అలియాగాలో ముక్కలైపోయాయి.

పన్నుల సంగతి క్లుప్తంగా. డివిడెండ్ మన మామూలు ఆదాయంలో కలిసి స్లాబు ప్రకారం పన్ను పడుతుంది. 24 నెలలు దాటాక అమ్మితే, లాభం మీద 2024 జులై 23 నుంచి 12.5 శాతం. అసలు తలనొప్పి రిటర్నులో నింపాల్సిన విదేశీ ఆస్తుల షెడ్యూలు. మన రిటర్ను ఏప్రిల్ నుంచి మార్చి, ఆ షెడ్యూలు మాత్రం జనవరి నుంచి డిసెంబరు. ఏడాదిలో గరిష్ఠ విలువ, చివరి విలువ, అన్నీ రూపాయల్లో రాయాలి. వదిలేస్తే నల్లధనం చట్టం కింద 10 లక్షల జరిమానా దాకా ఉంది. 20 లక్షల లోపు ఉన్నవాళ్లకు 2024 అక్టోబరు నుంచి ఊరట ఇచ్చారు గానీ, రాయడం మాత్రం తప్పదు. మా ఊళ్లో ఆడిటర్లందరికీ ఇది అలవాటు లేదు, ముందే అడిగి చూసుకోండి.

ఎలాగూ ఏటా క్రూయిజ్‌కు వెళ్లేవాళ్లు, అమెరికాలో పిల్లల దగ్గర ఆర్నెల్లు ఉండి వచ్చేవాళ్లు వంద షేర్లు పెట్టుకుంటే పోయేదేం లేదు. పింఛను లాగా నెలనెలా ఏదైనా రావాలనుకునేవాళ్లకు ఇది పనికిరాదు. ఈసారి ఎప్పుడైనా ధరలు కూలి, ఎవరైనా మీకు పది శాతం పైన డివిడెండ్ అని చూపిస్తే, ఆ కంపెనీ ఏడాదికి వడ్డీ ఎంత కడుతోందో, కొత్త షేర్లు ఎన్ని అమ్మిందో చూడండి. నేను కార్నివాల్‌ను 30 డాలర్ల దగ్గర అమ్మేసి అమ్మాయి ఫీజు కట్టా. రాయల్ కరీబియన్ ఉంచుకున్నా.