బాస్ జీటీ-1 గిటార్ ప్రాసెసర్: నాలుగేళ్ల వాడకం తర్వాత

ఆర్కెస్ట్రాలోగానీ చర్చిలోగానీ ఎలక్ట్రిక్ గిటార్ వాయించేవాళ్లలో ఎక్కువమంది, గిటార్ ధ్వనిని మార్చే ఎఫెక్టులన్నీ ఒకేచోట ఉన్న ఇలాంటి పెట్టెను ప్రాసెసర్ అనే అంటారు. బాస్ కంపెనీ 2016లో తెచ్చిన జీటీ-1 ఆ కోవలో చిన్నది. బ్యాటరీలతో కలిపి 1.3 కిలోలు, గిటార్ సంచి ముందు జేబులో పట్టేస్తుంది. నాలుగేళ్లుగా వేదిక మీదా, ఇంట్లో హెడ్‌ఫోన్స్‌తోనూ వాడాక ఒక విషయం మాత్రం గట్టిగా చెప్పగలను. దీని టోన్ బాగుండటమూ పాడవటమూ లోపలున్న 108 ఎఫెక్టుల కంటే, వెనకనుంచి వచ్చే కేబుల్ ఎందులోకి వెళ్తోందన్న దానిమీదే ఎక్కువ ఆధారపడి ఉంటుంది. కొనేటప్పుడైనా, కొన్నాక సెట్ చేసుకునేటప్పుడైనా మొదట తేల్చుకోవలసింది అదే.

కారణం స్పీకర్‌లో ఉంది. గిటార్ యాంప్‌లో ఉండే 12 అంగుళాల స్పీకర్ దాదాపు 5 కిలోహెర్ట్జ్ దాటాక నీరసిస్తుంది. డిస్టార్షన్‌లో (ధ్వనిని కావాలని చిట్లించే ఎఫెక్టులో) పుట్టే గరుకుదనం చాలావరకు ఆ పైనే ఉంటుంది కాబట్టి స్పీకరే దాన్ని వడగట్టేస్తుంది. జనం వైపు పెట్టే పీఏ బాక్సులో పై స్వరాలు పలికే హార్న్ ఉంటుంది, ఆ గరుకునంతా అది ఉన్నదున్నట్టు జనం మీదికి వదులుతుంది. అందుకే ప్రాసెసర్ లోపల స్పీకర్ క్యాబినెట్‌ను అనుకరించే భాగం ఒకటి పెడతారు. మిక్సర్‌లోకి వెళ్తే అది పనిచేయాలి, గిటార్ యాంప్‌లోకి వెళ్తే ఊరుకోవాలి. జీటీ-1 మెనూలో ఔట్‌పుట్ సెలెక్ట్ అనే సెట్టింగ్ ఈ పనే చేస్తుంది. మిక్సర్, డీఐ బాక్స్ (గిటార్ సిగ్నల్‌ను మిక్సర్‌కు సరిపోయేలా మార్చే చిన్న పెట్టె), హెడ్‌ఫోన్స్, రికార్డింగ్ వీటన్నిటికీ లైన్/ఫోన్స్ పెట్టాలి. యాంప్ ముందున్న ఇన్‌పుట్‌లోకి పెడితే ఆ యాంప్ రకాన్ని బట్టి జేసీ-120, స్మాల్ యాంప్, కాంబో, స్టాక్‌లలో ఒకటి. యాంప్ వెనక రిటర్న్ జాక్‌లోకి (యాంప్ సొంత ప్రీయాంప్‌ను, అంటే టోన్ తయారుచేసే ముందు భాగాన్ని, దాటవేసే దారి) పెడితే రిటర్న్ అని రాసి ఉన్నవాటిలో ఒకటి.

"డిస్టార్షన్ పెడితే ఈగలు ముసిరినట్టుంది" అని ఎవరైనా అంటే ముందు చూడాల్సింది ఈ సెట్టింగే. రిహార్సల్ గదిలో యాంప్‌కు సెట్ చేసిన పెట్టెను కార్యక్రమంలో నేరుగా మిక్సర్‌కు కలిపితే సరిగ్గా అలాగే వినిపిస్తుంది. అటుది ఇటైతే, అంటే లైన్/ఫోన్స్‌లో ఉంచి యాంప్‌లో గుచ్చితే, దుప్పటి కప్పినట్టు మూగబోతుంది. ఈ సెట్టింగ్ ఒక్కో ప్యాచ్‌కు (దాచుకున్న ఒక్కో టోన్ అమరికకు) విడిగా ఉండదు, మొత్తం పెట్టెకు ఒకటే. కాబట్టి చోటు మారినప్పుడల్లా ఒకసారి చూసుకోవాలి.

ఫ్యాక్టరీ ప్యాచ్‌లు 99 ఉన్నాయి, మనం రాసుకోవడానికి ఇంకో 99 చోట్లు. ఫ్యాక్టరీవి అంగట్లో విని మురిసిపోవడానికి బాగుంటాయి. ఒంటరిగా వాయిస్తే నిండుగా ఉండాలని రీవెర్బ్ (గది మార్మోగు), డిలే (ప్రతిధ్వని), గెయిన్ (సిగ్నల్‌ను పెంచే మోతాదు) అన్నీ దండిగా పోసి ఉంటాయి. కీబోర్డు, డ్రమ్స్, తబలా, బేస్ గిటార్ నడుమ అదే ప్యాచ్ బురదలో కూరుకుపోతుంది. ఈజీ ఎడిట్‌లో టోన్, వైబ్, ఎకో నాబ్‌లు తిప్పి సరిచేయొచ్చని చెబుతారు. తొందరలో పనికొస్తాయి, కానీ ఒకేసారి నాలుగైదు విలువలు కదిలిపోయి ఏది మారిందో తెలియదు. ఖాళీ ప్యాచ్ తీసుకుని ఒక్కో బ్లాక్ (ఒక్కో ఎఫెక్ట్ ఉండే గడి) వెలిగించుకుంటూ పోవడమే మేలు.

నా క్లీన్ ప్యాచ్ ఇలా ఉంటుంది. ప్రీయాంప్‌లో జేసీ-120, గెయిన్ 35, బేస్ 40, మిడిల్ 60, ట్రెబుల్ 50. దాని ముందు కంప్రెసర్ కొద్దిగా. ఆర్పెజియో (కార్డ్‌లోని స్వరాలను ఒక్కొక్కటిగా) వేళ్లతో మీటేటప్పుడు అన్ని తీగలూ ఒకే ఎత్తులో వినబడటానికే తప్ప పిండేసేంత కాదు. వెనక కోరస్ (ధ్వనిని ఒకటికి రెండుగా వినిపించే ఎఫెక్ట్) నెమ్మదిగా, చివర్లో ప్లేట్ రీవెర్బ్ ఎఫెక్ట్ లెవెల్ 20 దాటకుండా. (జేసీ-120 అనేది రోలాండ్ 1975లో తెచ్చిన యాంప్, బాస్ ఆ రోలాండ్ సొంత బ్రాండే. అందుకేనేమో ఈ పెట్టెలో అన్నిటికంటే నమ్మకంగా పలికే యాంప్ అదే.) రిథమ్ ప్యాచ్‌లో కంప్రెసర్ తీసేసి బ్లూస్ ఓడీ అనే ఓవర్‌డ్రైవ్ (మెత్తని డిస్టార్షన్), డ్రైవ్ 30. లీడ్‌కు (సోలోకు) టీ-స్క్రీమ్ అనే ఇంకో ఓవర్‌డ్రైవ్, డ్రైవ్ తక్కువ, లెవెల్ ఎక్కువ. డ్రైవ్ ఎంత పెంచితే సోలో అంత ముందుకొస్తుందన్నది కొత్తవాళ్ల భ్రమ. గెయిన్ పెరిగేకొద్దీ ధ్వని నలిగి చదునవుతుంది, స్వరం మొదటి దెబ్బ వినపడదు. సోలో ముందుకు రావాలంటే 800 హెర్ట్జ్, 1 కిలోహెర్ట్జ్ మధ్య కొంచెం ఎత్తి, మొత్తం లెవెల్ 3 నుంచి 4 డెసిబెల్ పెంచితే చాలు. అంతకు మించితే సౌండ్ మనిషి మీ ఫేడర్ దించేస్తాడు, తర్వాత క్లీన్ అసలే వినపడదు.

ఒక ఎఫెక్ట్ బ్లాక్‌లో పారామెట్రిక్ ఈక్వలైజర్ పెట్టుకుని లో కట్ (దాని కిందివి కోసేది) 100 హెర్ట్జ్, హై కట్ (దాని పైవి కోసేది) 6.3 కిలోహెర్ట్జ్ దగ్గర ఉంచండి. పీఏ మరీ కీచుమంటే హై కట్‌ను 5కు దించండి. బ్యాండులో 100 కింద గిటార్‌కు పెద్దగా పనిలేదు, ఆ చోటు బేస్ గిటార్‌కూ డ్రమ్స్ కిక్‌కూ వదిలేయాలి. దీనికోసం ఒక బ్లాక్ ఖర్చవుతుందని కొందరు బాధపడతారు. ఫ్లాంజర్, ఫేజర్ కంటే ఇదే ఎక్కువ పనిచేస్తుంది.

ఇంట్లో రాత్రిపూట హెడ్‌ఫోన్స్‌తో చేసిన ప్యాచ్ మైదానంలో విఫలమవడానికి చెవి స్వభావం కారణం. సన్నని ధ్వనిలో మన చెవికి బేస్, ట్రెబుల్ తక్కువగా అందుతాయి. దాంతో మనం ఆ రెండూ పెంచి మిడిల్ తగ్గిస్తాం. అదే ప్యాచ్‌ను పెద్ద వాల్యూమ్‌లో వింటే కింద బొంగురు మోత, పైన కీచు, నడుమ ఏమీ లేదు. ఇంట్లో చేసేటప్పుడు మిడిల్ మీకు నచ్చినదానికంటే కాస్త ఎక్కువే ఉంచండి, సౌండ్ చెక్‌లో అసలు వాల్యూమ్‌లో విని సరిచేయండి. సరిచేసినదాన్ని రైట్ (సేవ్) చేయడం మరవొద్దు. ప్యాచ్ మారిస్తే రాయనిదంతా పోతుంది.

డిలే సమయానికి లెక్క సులువు. 60000ను పాట టెంపోతో భాగిస్తే ఒక బీట్ ఎన్ని మిల్లీసెకన్లో వస్తుంది. 120 టెంపోకు 500. అందులో ముప్పావు, అంటే 375 పెడితే వాయించిన స్వరాల సందుల్లో ప్రతిధ్వని పడి రెండు గిటార్లు మోగుతున్నట్టుంటుంది. ఫీడ్‌బ్యాక్ 25, ఎఫెక్ట్ లెవెల్ 30. ప్రతిధ్వని పెద్దగా ఉండే కల్యాణమండపంలో రీవెర్బ్ పూర్తిగా తీసేసినా నష్టం లేదు, హాలే ఆ పని చేస్తుంది.

ఇక పెట్టె మీదున్న స్విచ్‌లు. పైకి, కిందికి రెండు బాణాలు, మనకు కావలసిన పని అప్పగించుకునే సీటీఎల్1 ఒకటి, కుడివైపు పాదంతో ముందుకూ వెనక్కూ వంచే ఎక్స్‌ప్రెషన్ పెడల్. ప్యాచ్‌లు వరసగానే మారతాయి కాబట్టి 3 నుంచి 17కు ఒక్క అడుగులో దూకలేరు. అందుకే పల్లవికి క్లీన్, చరణం మధ్య సంగీతానికి లీడ్ కావాలంటే అవి రెండూ పక్కపక్కనే ఉండాలి. అంతకంటే మంచిది, ఒకే ప్యాచ్‌లో ఉండి సీటీఎల్1కు ఓవర్‌డ్రైవ్ ఆన్, ఆఫ్ అప్పగించడం. ప్యాచ్ మారేటప్పటి చిన్న తెగింపు చెవికి తెలుస్తుంది, ఎఫెక్ట్ ఆన్ చేస్తే అలా తెగదు. వెనక సీటీఎల్2, 3 జాక్‌కు స్టీరియో కేబుల్‌తో రెండు ఫుట్‌స్విచ్‌లు కలపొచ్చు. వేదిక మీద ఎక్కువ వాయించేవాళ్లు ముందు కొనాల్సింది అదే.

ఎక్స్‌ప్రెషన్ పెడల్ ముందుభాగాన్ని గట్టిగా తొక్కితే వా (పెడల్ కదిలిస్తే ధ్వని 'వా వా' అనిపించే ఎఫెక్ట్) మొదలవుతుంది, మళ్లీ తొక్కితే వాల్యూమ్ పెడల్ అవుతుంది. వాల్యూమ్‌కు మారాక పాదం మడమ వైపు వాలితే గిటార్ ఒక్కసారిగా మూగబోతుంది. "ప్రాసెసర్ చచ్చిపోయింది" అని కంగారుపడి కేబుళ్లు పీకేవాళ్లు ముందు ఈ పెడల్ చూడాలి. భయముంటే వాల్యూమ్ కనిష్ఠాన్ని సున్నా బదులు 40 చేయండి. చైన్‌లో (ఎఫెక్టుల వరసలో) ఫుట్ వాల్యూమ్ చోటు కూడా ముఖ్యమే. ప్రీయాంప్ ముందుంటే పెడల్ తగ్గించినప్పుడు డిస్టార్షన్ తగ్గుతుంది, ప్రీయాంప్ తర్వాత డిలే ముందుంటే ధ్వని తగ్గినా ప్రతిధ్వని మెల్లగా కరుగుతుంది. నెమ్మది కీర్తనల్లో స్వరాన్ని ఉబికించడానికి రెండోదే సరి. కొన్నాళ్లకు పెడల్ చివరిదాకా తొక్కినా విలువ 100 చేరకపోతే మెనూలో పెడల్ క్యాలిబ్రేషన్ ఉంది, నిమిషం పని.

హమ్ (ఆగకుండా వచ్చే గుయ్‌మనే మోత) గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన వేదికల మీద ఎక్కువ సతాయించేది అదే. నాయిస్ సప్రెసర్ థ్రెషోల్డ్ 30తో మొదలుపెట్టి, తీగలు ముట్టుకోనప్పుడు మాత్రమే నిశ్శబ్దమయ్యేంత వరకే పెంచండి. మించితే సాగే స్వరం చివర కత్తిరించినట్టు తెగిపోతుంది. అసలు జబ్బు వేరేచోట ఉంటే ఈ మందు పనిచేయదు. గిటార్‌ను అటూ ఇటూ తిప్పితే హమ్ మారుతోందంటే అది సింగిల్ కాయిల్ పికప్ (తీగల కదలికను పట్టే, ఒకే చుట్ట ఉన్న భాగం) పట్టుకుంటున్నది, ట్రాన్స్‌ఫార్మర్‌కూ ఎల్ఈడీ లైట్లకూ దూరం జరగాలి. గిటార్ వాల్యూమ్ సున్నా చేసినా హమ్ ఉందంటే కరెంటు దగ్గర లోపం కావచ్చు. లైటింగ్‌కూ సౌండ్‌కూ ఒకే లైన్ లాగి ఉండొచ్చు, ఎర్త్ లేకపోవచ్చు. అడాప్టర్ పీకి బ్యాటరీల మీద నడిపి చూస్తే ఒక్క నిమిషంలో తేలిపోతుంది. మిక్సర్‌తో ఎర్త్ లూప్ (రెండు దారుల్లో ఎర్త్ కలిసి హమ్ పుట్టడం) అయితే డీఐ బాక్స్ మీదున్న గ్రౌండ్ లిఫ్ట్ నొక్కండి. ప్లగ్‌లో ఎర్త్ పిన్ మాత్రం ఎన్నడూ తీసేయొద్దు, ఒక చేయి తీగల మీద, పెదవి మైకు మీద ఉండే మనిషికి అది ప్రాణాంతకం.

నాలుగు ఏఏ ఆల్కలైన్ సెల్స్‌తో దాదాపు 7 గంటలు నడుస్తుంది. గోడ గడియారంలో వేసే మామూలు చవక సెల్స్ దీనికి చాలవు. ఇన్‌పుట్ జాక్‌లో కేబుల్ గుచ్చితేనే పెట్టె వెలుగుతుంది కాబట్టి, పని అయ్యాక ఆ కేబుల్ తీయకపోతే పొద్దుటికి సెల్స్ ఖాళీ. అడాప్టర్ 9 వోల్టులది, మధ్య పిన్ నెగెటివ్. వైఫై రౌటర్ అడాప్టర్లు చాలావరకు మధ్య పాజిటివ్, పైగా చాలావాటికి 12 వోల్టులు. పిన్ పట్టింది కదా అని గుచ్చితే బోర్డు పోవచ్చు. అడాప్టర్ మీదున్న గుర్తు చూశాకే కలపండి.

యూఎస్‌బీ ద్వారా ఇదే ఆడియో ఇంటర్‌ఫేస్ అవుతుంది. ఇది 44.1 కిలోహెర్ట్జ్‌లో పనిచేస్తుంది కాబట్టి రికార్డింగ్ ప్రాజెక్టును కూడా అందులోనే తెరవాలి. వీడియో కోసం 48లో తెరిచి, ధ్వని రాలేదనో శ్రుతి మారిందనో వెతుక్కోవడం వృథా. కేబుల్ డేటా పంపేదై ఉండాలి, ఫోన్ చార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చేది పెడితే కంప్యూటర్ గుర్తించదు. కంప్యూటర్‌లో బాస్ టోన్ స్టూడియో అనే సాఫ్ట్‌వేర్‌తో ప్యాచ్‌లు దిద్దడం చిన్న తెర మీద కంటే ఎంతో హాయి. నెలకోసారి అన్నిటినీ బ్యాకప్ తీసుకోండి.

లేనివేమిటో కూడా చెప్పాలి. బయటి క్యాబినెట్ ఐఆర్‌లు (నిజమైన స్పీకర్ల ధ్వనిని కొలిచి చేసిన ఫైళ్లు) ఇందులో ఎక్కవు. సిగ్నల్‌ను బయటికి పంపి తిరిగి తీసుకునే సెండ్, రిటర్న్ జాక్‌లు లేవు కాబట్టి మీ సొంత పెడల్‌ను చైన్ మధ్యలో పెట్టలేరు, ముందో వెనకో పెట్టుకోవాల్సిందే. లూపర్ (వాయించినదాన్ని పట్టి మళ్లీ మళ్లీ మోగించేది) 32 సెకన్లే. గాయకుడి శ్రుతికి తగ్గట్టు పిచ్ షిఫ్టర్‌తో గిటార్ మొత్తం శ్రుతిని మార్చే ప్రయత్నం చేయకండి, కార్డ్స్ గజిబిజి అవుతాయి. కాపో (మెడ మీద తీగలన్నిటినీ నొక్కిపట్టే క్లిప్పు) తగిలించడమో, వేరే పొజిషన్‌లో వాయించడమో నయం. అకూస్టిక్ సిమ్యులేటర్ రిథమ్‌కు సరిపెట్టుకోవచ్చు, ఒంటరిగా వినిపిస్తే దొరికిపోతుంది.

ఐఆర్‌లు, స్టూడియో స్థాయి యాంప్ అనుకరణ కావాలంటే 2018లో వచ్చిన లైన్ 6 హెచ్ఎక్స్ స్టాంప్ చూడండి. ధర చాలా ఎక్కువ, 9 వోల్టుల 3 ఆంపియర్ల అడాప్టర్ తప్పనిసరి, బ్యాటరీ లేదు, ఎక్స్‌ప్రెషన్ పెడల్ విడిగా కొనాలి. మెనూలంటే విసుగైతే 2014 నాటి బాస్ ఎంఈ-80 మేలు, ప్రతి ఎఫెక్ట్‌కూ నాబ్ కళ్లెదుటే ఉంటుంది. ఇప్పుడే నేర్చుకుంటూ ఇంట్లోనే వాయించేవాళ్లకు జూమ్ జీ1ఎక్స్ ఫోర్ చాలు. కాకపోతే దాని యూఎస్‌బీ రికార్డింగ్‌కు పనికిరాదు.

సెకండ్ హ్యాండ్‌లో జీటీ-1 తీసుకుంటుంటే మీ గిటారూ కేబులూ వెంట తీసుకెళ్లండి. ఇన్‌పుట్ జాక్ దగ్గర కేబుల్‌ను మెల్లగా కదిపి చూడండి, పెట్టె ఆరి వెలిగితే జాక్ వదులైందని అర్థం. పెడల్ తొక్కుతూ తెర మీద విలువ 0 నుంచి 100 వరకు తడబడకుండా పోతోందా, ముందు స్విచ్ ప్రతిసారీ పడుతోందా చూడండి. బ్యాటరీ మూత తీసి స్ప్రింగులకు పచ్చటి చిలుము పట్టిందేమో గమనించండి, విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి చోట్ల ఇది త్వరగా వస్తుంది. అన్నీ బాగుంటే ఇంటికి తెచ్చి ఫ్యాక్టరీ రీసెట్ చేసి, తర్వాత మొదటగా ఔట్‌పుట్ సెలెక్ట్ తెరవండి.