గంట చూసి చేయాలా, పని వెంట చేయాలా?

నడక కావచ్చు, వ్యాయామం కావచ్చు, పొద్దున లేవగానే నీళ్ళు తాగడం కావచ్చు. ఏ అలవాటు గురించి మాట్లాడినా చివరికి ఒకే ప్రశ్న వస్తోంది: "ఏ టైమ్‌కి చేస్తే నిలబడుతుంది?" అలవాటును గంటకే కట్టాలని ముందే అనుకుని అడిగే ప్రశ్న ఇది. ఇంకో దారీ ఉంది. రోజూ ఎలాగూ చేసే ఒక పనికి కొత్త పనిని తగిలించడం. "పొద్దున ఆరింటికి ఒళ్ళు సాగదీసే వ్యాయామం" అనుకుంటే మొదటి దారి. "పళ్ళు తోముకోగానే వ్యాయామం" అనుకుంటే రెండోది.

ఈ రెండింటినీ నేరుగా పోల్చిన ప్రయోగం ఒకటి 2021లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ హెల్త్ సైకాలజీలో వచ్చింది. 192 మంది మంచి తిండికి సంబంధించిన ఒక చిన్న పనిని 84 రోజుల పాటు చేశారు. కొందరు గంట ప్రకారం, మిగతావాళ్ళు రోజువారీ పని వెంట. చెప్పుకోదగ్గ తేడా ఏమీ కనిపించలేదు.

అలాగని రెండూ ఒకటేనని నేను అనుకోను. 84 రోజుల్లో తేలేది అలవాటు కుదిరిందా లేదా అన్నదే. మనకు కావలసింది ఏళ్ళ తరబడి నిలిచే అలవాటు. ఆ ఏళ్ళలో ప్రయాణాలుంటాయి, జ్వరాలుంటాయి, చుట్టాలొస్తారు, ఉద్యోగంలో షిఫ్ట్ మారుతుంది. గాడి తప్పిన రోజున ఏం జరుగుతుందన్నదే నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యం.

గంటకు కట్టిన అలవాటు అలాంటి రోజున ఎలా ఉంటుందో చూడండి. ఆరింటికి చేయాలి, లేచేసరికి ఏడైంది. ఒంట్లో ఓపికుంది, చేతిలో టైమూ ఉంది. అయినా "ఇవాళ్టికి పోయింది, రేపు చూద్దాం" అనిపిస్తుంది. అలవాటంతా ఆ ఒక్క గంట మీదే నిలబడింది కాబట్టి, గంట దాటితే పని కూడా దాటిపోతుంది. పళ్ళు తోముకోవడానికి తగిలించిన అలవాటుకు ఈ బాధ లేదు. ఎనిమిదింటికి లేస్తే తోముకోవడమూ ఎనిమిదికే, వ్యాయామమూ దాని వెంటే.

గూగుల్ ఉద్యోగులు 2,500 మందికి పైగా పాల్గొన్న ఒక అధ్యయనంలో దీనికి దగ్గరి విషయమే బయటపడింది. జిమ్‌కి వెళ్తే కొన్ని వారాలు డబ్బిచ్చారు. కొందరికి ముందే చెప్పిన టైమ్‌కి వెళ్తేనే డబ్బు, మరికొందరికి ఎప్పుడు వెళ్ళినా డబ్బు. డబ్బివ్వడం ఆపేశాక కూడా ఎక్కువగా వెళ్ళింది రెండో వాళ్ళే. మొదటి వాళ్ళు ఎంచుకున్న టైమ్‌ని బాగానే పట్టుకున్నారు గానీ, అది తప్పితే వేరే వేళలో వెళ్ళడం తగ్గిపోయింది. పని వెంట కట్టడం గొప్పదని ఈ అధ్యయనం నేరుగా చెప్పలేదు. ఒకే గంటకు బిగించేస్తే ఏం పోతుందో మాత్రం స్పష్టంగా చూపింది.

ఒక్కరోజు తప్పితే అంతా పోయినట్టు కాదని కూడా గట్టిగా చెప్పాలి. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మందిని 12 వారాలు గమనించారు. అలవాటు కుదరడానికి మనిషిని బట్టి, పనిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా పడుతుందని లెక్క తేలింది. మధ్యలో ఒకసారి తప్పినంత మాత్రాన ఆ ప్రక్రియ పెద్దగా దెబ్బతినలేదు. 21 రోజుల్లో అంతా కుదిరిపోతుందన్న మాట నమ్మి, 22వ రోజున నిరాశపడి మానేసేవాళ్ళకి ఈ సంగతి తెలియాలి.

పని వెంట కట్టడంలోనూ ఒక చిక్కుంది. ఆ పనిని సరిగ్గా ఎంచుకోవాలి. "ఆఫీసు నుంచి రాగానే నడక" అనుకుంటే సెలవు రోజున నడకకీ సెలవే. "భోజనం తర్వాత" అంటే ఎప్పుడు? తిన్న వెంటనేనా, కాసేపు కూర్చున్నాకనా? "తిన్న ప్లేటు కడిగి పెట్టగానే" అంటే మాత్రం అయోమయం ఉండదు. సెలవు రోజున కూడా తప్పని పని, ఎప్పుడు ముగిసిందో కచ్చితంగా తెలిసే పని అయ్యుండాలి. అది ముగిసిన చోటే కొత్త పనీ మొదలుపెట్టగలిగితే మరీ మంచిది.

కొత్త పని చిన్నదైతే ఇలా తగిలించడం ఇంకా సులువు. వారానికి 150 నుంచి 300 నిమిషాల మోస్తరు వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఒక్కో విడత కనీసం పది నిమిషాలు ఉండాలన్న పాత షరతు 2020 మార్గదర్శకాల్లో లేదు. కాబట్టి మూడు పూటలా భోజనం వెనకే కాసేపు చురుగ్గా నడిచినా ఆ నిమిషాలన్నీ లెక్కలోకి వస్తాయి.

గంటే మేలైన చోట్లూ ఉన్నాయి. మొదటిది నిద్ర. శరీరానికి తన గడియారం ఉంటుంది, రోజూ ఒకే వేళకు లేస్తేనే అది కుదురుగా ఉంటుంది. ఫలానా గంటకు వేసుకోవాలని డాక్టర్ చెప్పిన మందులూ అంతే. తోడుతో కలిసి నడిచేవాళ్ళకి ఎలాగూ టైమ్ అనుకోక తప్పదు.

ఇక ఫోన్ రిమైండర్లు మొదటి వారాల్లో సాయం చేస్తాయి, తర్వాత చూడకుండానే పక్కకి నెట్టేస్తాం. వరసగా ఎన్ని రోజులు చేశామో లెక్కపెట్టే యాప్‌లు ఉత్సాహాన్నిస్తాయి గానీ, లెక్క సున్నాకి పడిన రోజున చాలామంది అక్కడే ఆగిపోతారు. "వీలున్నప్పుడు చేస్తాలే" అన్నది అసలు దారే కాదు.

నన్నడిగితే నిద్రలేచే వేళను, పైన చెప్పిన మందుల్లాంటివాటిని మాత్రమే గంటకు కట్టి, మిగతా అలవాట్లన్నీ పనుల వెంట కట్టమంటాను. ఒక్కో అలవాటుకు రెండు చోట్లు ముందే అనుకోండి: పళ్ళు తోముకోగానే, అప్పుడు కుదరకపోతే స్నానానికి ముందు. ఆ రెండూ సెలవు రోజున కూడా జరుగుతున్నాయో లేదో ఒక వారం గమనించి, ఆ తర్వాతే కొత్త పనిని తగిలించండి.