ఆరేళ్లుగా 8 అంగుళాల డాబ్సోనియన్: నెబ్యులా రంగులు నిజంగా ఎంత కనిపిస్తాయి?

"ఏందబ్బాయ్, ఇది పొగ గదా!"

2020 జనవరిలో నెల్లూరు జిల్లా ఉదయగిరి దగ్గర మా మేనత్త వాళ్ల ఊళ్లో, టెలిస్కోప్ ఐపీస్ (కన్ను పెట్టి చూసే కటకం) నుంచి కన్ను తీసేస్తూ ఆమె అన్న మాట ఇది. అంతకు ముందే ఫోన్‌లో ఓరియన్ నెబ్యులా (ఆకాశంలో వాయువు, ధూళి మేఘం) ఫోటో చూపించి తెగ ఊరించాను, అంతా గులాబీ, ఊదా రంగులే. తీరా టెలిస్కోప్‌లో కనిపించింది బూడిద రంగు పొగ, నడుమ దగ్గర దగ్గరగా నాలుగు చుక్కలు. నిజం చెప్పాలంటే నాకూ మనసు చివుక్కుమంది. ఆ డాబ్సోనియన్ (చేత్తో తిప్పుకునే అద్దం టెలిస్కోప్) కొని అప్పటికి నెల కూడా కాలేదు.

తప్పు టెలిస్కోప్‌ది కాదని అర్థమవడానికి చాలా రోజులు పట్టింది. పెద్ద అద్దం ఎక్కువ వెలుగు పోగేస్తుంది, సరే. కానీ దాంతోపాటు బొమ్మనూ పెద్దది చేస్తుంది. నెయ్యి గరిటె పెద్దదైంది, దోసె కూడా పెద్దదైంది. ఏ ముక్క తుంచినా నెయ్యి మాత్రం అంతే. అందుకే నెబ్యులా పెద్దగా కనిపిస్తుంది గానీ, రంగు పట్టే కణాలు మేలుకునేంత వెలుగు కంట్లో పడదు. చీకట్లో పనిచేసే కణాలకు రంగులు తెలియవు. పైగా వాటికి ఎరుపంటే దాదాపు గుడ్డితనం. మనం రాత్రి టార్చికి ఎర్ర కాగితం చుట్టుకునేది అందుకే గదా, చీకటికి అలవాటుపడ్డ చూపు చెడకుండా. నెబ్యులాలో హైడ్రోజన్ ఇచ్చే 656 నానోమీటర్ల ఎరుపు కూడా సరిగ్గా ఆ కారణంతోనే మన కంటికి అందదు.

ఆకుపచ్చ సంగతి వేరు. ఈ సంక్రాంతికి అత్తను అరగంట చీకట్లో కూర్చోబెట్టి, ఫోన్ లాక్కుని, మళ్లీ చూపించాను. "నడిమధ్యలో కొంచెం పాచి రంగు ఉంది" అంది. ఆ పాచి రంగు ఆక్సిజన్‌ది, 500.7 నానోమీటర్లు. 1864లో ఖగోళ శాస్త్రవేత్త విలియం హగ్గిన్స్ ఇంకో నెబ్యులా వెలుగును రంగులుగా విడదీసి, అందులో ఈ ఆకుపచ్చ గీతనే చూశాడు. అదేమిటో ఎవరికీ తెలియక తర్వాత 'నెబ్యులియం' అని కొత్త మూలకానికి పేరు కూడా పెట్టేశారు. అది రెండు ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న ఆక్సిజనేనని 1927లో భౌతిక శాస్త్రవేత్త ఐరా బోవెన్ తేల్చాడు. మా అత్తకు ఇవేవీ తెలియకుండానే ఆ రంగు దొరికింది.

కంటితో రంగు చూడాలనే పట్టుదల ఉంటే పెద్ద నెబ్యులాలు వదిలేసి చిన్నవి పట్టండి. నాకు బాగా నచ్చింది ఎన్‌జీసీ 3242 అనే చిన్న నెబ్యులా, హైడ్రా నక్షత్రరాశిలో. ఫిబ్రవరి, మార్చి రాత్రుల్లో మనకు మంచి ఎత్తులో ఉంటుంది. 25 ఎంఎం ఐపీస్‌లో కాస్త ఉబ్బిన నక్షత్రంలా ఉంటుంది, 6 ఎంఎం పెడితే (200 రెట్లు) లేత నీలం బిళ్ల. చిన్న చోట వెలుగంతా కుదించుకుని ఉంది కాబట్టి రంగు తెలుస్తుంది.

'రంగులు కనిపిస్తాయి' అని చెప్పి ఆన్‌లైన్‌లో ఒక దుకాణం వాడు నాకో ఫిల్టర్ అమ్మాడు. కనిపించాయి, నక్షత్రాలతో సహా అన్నీ ఆకుపచ్చగా! అది ఫిల్టర్ రంగు. నెబ్యులా ఆకారం తేటగా తెలుస్తుంది, అంతవరకే దాని ఉపయోగం.

ఇక ఫోటోలు. ఈ డాబ్సోనియన్‌తో ఆశ పెట్టుకోవద్దు. నక్షత్రాల వెంట తనంతట తిరిగే ట్రాకింగ్ లేదు, ఒక్క సెకను తెరిచినా చుక్కలు గీతలైపోతాయి. నా కెమెరా దీనికి తగిలిస్తే ఫోకస్ కూడా కుదరలేదు. చివరికి పాత డీఎస్ఎల్ఆర్, 135 ఎంఎం లెన్స్, చిన్న ట్రాకర్ వేరేగా పెట్టుకున్నాను. నిమిషం చొప్పున అరవై ఫోటోలు తీసి సిరిల్ అనే సాఫ్ట్‌వేర్‌లో కలిపితే అప్పుడొచ్చింది ఆ గులాబీ. అదీ వెలిసిన గులాబీయే, ఎందుకంటే మామూలు కెమెరాలో సెన్సర్ ముందుండే ఫిల్టర్ ఆ ఎరుపును చాలావరకు ఆపేస్తుంది. ట్రాకర్‌ను ధ్రువనక్షత్రానికి సరిచెయ్యడం ఇంకో తలనొప్పి: మన జిల్లాలో అది నేల నుంచి సుమారు 15 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది, మా అత్త వాళ్ల వేపచెట్టు సరిగ్గా అడ్డం. దానికి బదులుగా ఏప్రిల్ రాత్రుల్లో దక్షిణాన కరీనా నెబ్యులా దొరుకుతుంది. లండన్ వాళ్లకు అది ఎప్పటికీ ఉదయించదు.

వానల సంగతి కూడా చూసుకోండి. మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్లే, ఓరియన్ సీజన్ సగం అందులోనే పోతుంది. సముద్రం ఒడ్డున మైపాడు వైపు టెలిస్కోప్‌ను ఒకసారి తీసుకెళ్లాను. రొయ్యల గుంటల దగ్గర లైట్లు, ఉప్పు గాలి. మళ్లీ వెళ్లలేదు.

అద్దం మీద ఇప్పుడు చిన్న చిన్న మచ్చలు పడ్డాయి. డిస్టిల్డ్ వాటర్‌తో రెండుసార్లు కడిగినా పోలేదు. ఎన్‌జీసీ 3242 నీలం కూడా మునుపటంత తెలియడం లేదు. అద్దం తప్పో, నలభై ఐదు దాటిన నా కళ్ల తప్పో, కొత్త పూత వేయించాక తెలుస్తుంది.