కనకపుర రోడ్డులో డబ్బిచ్చి గాలం వేసే చెరువు: ఆకివీడు రైతుతో ఒక పూట

మా నాన్న ఆకివీడు దగ్గర ముప్ఫై ఏళ్ళుగా చేపల చెరువులు చేస్తున్నారు. బెంగళూరులో నా దగ్గర పది రోజులు ఉంటానని వచ్చి, మూడో రోజుకే మారతహళ్ళి ఫ్లాట్లో విసుగెత్తిపోయారు. "కావేరి దగ్గరే కదమ్మా, ఒకరోజు గాలం వేసొద్దాం" అన్నారు.

ముందు కావేరి ఒడ్డున ఉన్న భీమేశ్వరి అనుకున్నాం. ఇక్కడికి సుమారు వంద కిలోమీటర్లు. ఒకప్పుడు మహశీర్ అనే పెద్ద నది చేప కోసం విదేశాల వాళ్ళు కూడా వచ్చి అక్కడ గాలం వేసేవారు. ఇప్పుడు కుదరదు. ఆ చోటు కావేరి వన్యప్రాణి అభయారణ్యంలో ఉంది, అక్కడ గాలాలు ఆపేసి పదేళ్ళు దాటింది. పైగా కావేరి మహశీర్‌ని 2018లో అంతరించిపోయే ప్రమాదం అత్యంత తీవ్రంగా ఉన్న జాతుల్లో చేర్చారు. ఇంటర్నెట్లో పాత ఫొటోలు ఇంకా తిరుగుతున్నాయి, వాటిని చూసి బయల్దేరకండి.

ఊళ్ళో చెరువుల సంగతి వేరు. కొన్నిచోట్ల 'ఇల్లి మీను హిడియబారదు' (ఇక్కడ చేపలు పట్టకూడదు) అని కన్నడంలో బోర్డే ఉంది. బోర్డు లేనిచోట చేపల హక్కు ఎవరో ఒకరు లీజుకి తీసుకుని ఉంటారు. ఇది నాన్నకి నేను వివరించక్కర్లేకపోయింది. "వేలం పాట పాడుకున్నవాడు చేపపిల్ల వదిలాడంటే అది వాడి పంటమ్మా, మనం దొంగలం అవుతాం" అన్నారు. కాబట్టి మిగిలింది డబ్బిచ్చి గాలం వేసే ప్రైవేటు చెరువు. అక్కడ యజమాని ఇచ్చే రసీదే మన లైసెన్సు. పేరు చెప్పను, ఎందుకో కింద చదివితే తెలుస్తుంది.

ఫోన్లో "ఉదయం ఆరు నుంచి పది, చేపలు బాగా పడేది అప్పుడే" అని ఊదరగొట్టారు. నాన్న ఒడ్డున నిలబడి నీళ్ళవైపు చూశారో లేదో, పెదవి విరిచారు. నీళ్ళు చిక్కటి ఆకుపచ్చ. చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. రాత్రంతా నాచు కూడా గాలి పీల్చుకుంటుంది కాబట్టి తెల్లవారేసరికి నీళ్ళలో ఆక్సిజన్ అడుగంటుతుందట. "ఊపిరాడనివాడు అన్నం తింటాడా? ఎండెక్కనీ" అని గట్టు మీద కూర్చుని బీడీ వెలిగించారు. మేం కట్టిన నాలుగు గంటల్లో రెండు అలాగే పోయాయి. నీళ్ళలోకి గాలి ఎక్కించే ఏరియేటర్లు అక్కడ రెండున్నాయి: ఒకటి తిరుగుతోంది, రెండోది అలంకారానికి ఉంది.

అద్దె గాలాలు మరీ పాతవి. నా రీల్ తిప్పితే పిండిమర చప్పుడు. రెండిటికీ బెండు ఒకే లోతులో కట్టి ఇచ్చారు. నాన్న అది విప్పేశారు. బొచ్చె పైపైన మేస్తుంది, శీలావతి మధ్యలో, ఎర్రమోసు అడుగున. ఏది కావాలో తేల్చుకోకుండా ఎర వెయ్యడం ఆయన లెక్కలో చీకట్లో రాయి విసరడమే. వంద రూపాయలకి వాళ్ళిచ్చిన ఎర ముద్దని వాసన చూసి పక్కన పడేశారు. ఇంట్లోంచి తెచ్చిన తవుడు, వేరుశనగ చెక్క కలిపి పిసికారు. బయటి ఎర తేకూడదన్న నియమం బోర్డు మీద లేదు, నేను ముందే చదివాను.

ఎనిమిదింపావు నుంచి పడ్డాయి. నాన్నకి నాలుగు, నాకు ఒకటి. ఒక రూప్‌చంద్ నా తీగని పళ్ళతో కొరికేసి, కొక్కేన్ని పట్టుకుపోయింది. ఆ కొక్కేనికి యాభై వసూలు చేశారు.

వాళ్ళ నియమాల్లో నాకు నచ్చినవి రెండే: ముల్లు లేని కొక్కేలు, చేపని ముట్టుకునే ముందు చెయ్యి తడుపుకోవడం. పొడి చేత్తో పడితే ఒంటి మీది జిగురు ఊడి చేపకి జబ్బు చేస్తుంది. అక్కడ పట్టిన చేపని మళ్ళీ చెరువులోనే వదిలేయాలి, ఇంటికి కావాలంటే విడిగా కొనుక్కోవాలి. నాన్న మాత్రం పట్టిన చేపని మళ్ళీ వదలడమేంటని మొదట నవ్వారు. తర్వాత "మనం చెరువు ఉంచుకుని చేప అమ్ముతాం. వీడు చేప ఉంచుకుని చెరువు అమ్ముతున్నాడు. తెలివైనవాడే" అన్నారు.

ఖర్చు చెప్తాను. మనిషికి 700 చొప్పున 1400, గాలాల అద్దె 300, ఆ పారేసిన ఎర 100, కొక్కెం 50. రెండు కిలోల శీలావతిని ఇంటికి తెచ్చుకున్నాం, దానికి 500. ఆ కిలో రేటు బోర్డు మీద లేదు, కాటా మీద పెట్టాకే చెప్పారు. అందుకే పేరు రాయడానికి మనసొప్పలేదు. మొత్తం 2350, పెట్రోలూ టోలూ కాక. బాత్రూమ్ ఒక్కటే, లోపల గడియ లేదు. పిల్లలకి లైఫ్ జాకెట్లు అడిగితే "లోతు లేదు మేడమ్" అన్నారు. ఆ ఒక్క మాటకే చిన్నపిల్లలున్నవాళ్ళు వద్దంటాను. మిగతావాళ్ళు సొంత గాలం, సొంత ఎర పట్టుకుని, ఎనిమిది తర్వాత మొదలయ్యే పూట అడిగి వెళ్ళండి. రేటు ఫోన్లోనే చెప్పించుకోండి.

బయల్దేరేముందు యజమాని కాఫీ తెప్పించి, నాన్నని నీళ్ళ గురించి అరగంట కదిలించాడు. నాన్న మేత తగ్గించమన్నారు, పాడైన ఏరియేటర్ బాగు చేయించమన్నారు, రాత్రి రెండింటి నుంచి రెండూ తిప్పమన్నారు. అతను అంతా ఫోన్లో రాసుకుని నంబర్ కూడా తీసుకున్నాడు. కొక్కెం యాభై మాత్రం వెనక్కివ్వలేదు.