పెట్టె మంచిదే, పేచీ అంతా గుడ్డతోనే

కారు వెనక తగిలించుకుని వెళ్లి, లోపలే పడుకునే మా క్యాంపింగు ట్రైలరులో గట్టి గోడల పెట్టె భాగం మీద నాకు ఫిర్యాదేమీ లేదు. నా కోపమంతా రెండు చివర్లా బయటికి తెరుచుకునే గుడ్డ మంచాల మీదే, అంటే చెక్క మీద పరుపు, చుట్టూ డేరా గుడ్డ. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, తడిసిన ఆ గుడ్డను ఆరబెట్టే పని మీద. అమ్మేవాళ్ల వీడియోల్లో బండి తెరవడం ఎంత సులువో చూపిస్తారు. వానలో మడిచి ఇంటికి తెచ్చాక మళ్లీ తెరిచి ఆరబెట్టేది ఎవరో, ఎక్కడో మాత్రం చూపించరు. మా ఇంట్లో అది నేను.

కొలతలు, బరువు, నీళ్ల ట్యాంకు ఎన్ని లీటర్లు లాంటివి రాయను, అవి ఎక్కడైనా దొరుకుతాయి. మాది కోయంబత్తూరు వైపు ఒక షెడ్డులో కట్టించింది. స్కార్పియో వెనక తగిలించుకుని తిరుగుతాం. పిల్లలిద్దరూ ఒక చివర, నేనూ మా ఆయనా ఇంకో చివర, మా అత్తమ్మ వస్తే మధ్యలో డైనింగు బల్ల దించితే తయారయ్యే పరుపు మీద.

తిరుపతి వైపు ఉండేవాళ్లు ఇలాంటి బండి కొనేముందు ఒక లెక్క వేసుకోవాలి. మనకు క్యాంపింగుకు పనికొచ్చే కాలమే వానల కాలం. ఏప్రిల్, మే నెలల్లో నలభై డిగ్రీలు దాటే ఎండలో ఆ పెట్టెలో అరగంట కూర్చోలేం. చల్లబడేది అక్టోబరు తర్వాత. ఈశాన్య రుతుపవనాలు దిగేదీ అప్పుడే. మన జిల్లాలకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు లోపే కదా. పోనీ హార్స్‌లీ హిల్స్‌కు పోదామంటే అది నాలుగువేల అడుగుల పైన ఉంది. డిసెంబరులో అక్కడ వాన లేకపోయినా పొగమంచు వచ్చి గుడ్డ మీద కూర్చుంటుంది. వానలో తీయం, పొడి రోజుల్లోనే వాడుకుంటాం అనేవాళ్లకు ఏడాదిలో మిగిలేది జనవరి, ఫిబ్రవరి. అందుకే తడిలో ఎట్లా పనిచేస్తుందన్నదే నా వరకు అసలు పరీక్ష.

కొన్న కొత్తలో అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ నేనే చెప్పేదాన్ని, గుడ్డ మంచంలో నిద్ర లాంటి నిద్ర ఇంకోటి లేదని. కిటికీ జిప్పులు తీస్తే మూడు వైపులా గాలి, మామిడితోటలో తెల్లవారుజామున పిట్టల అరుపులు, అదంతా అబద్ధం కాదు. ఫిబ్రవరిలో ఇప్పటికీ నిజమే. మొదట్లో కుట్ల దగ్గర చినుకులు కారితే కంగారు పడ్డాం గానీ అదీ సర్దుకుంది. నూలు కలిసిన గుడ్డ కొన్నిసార్లు బాగా తడిసి ఆరితే దారం ఉబ్బి సూది రంధ్రాలు మూసుకుంటాయి. పైనుంచి కారడం అన్నది ఆ తర్వాత మాకు లేదు. కాబట్టి వాన నీళ్లు లోపలికి రావని అనుకుంటూ వచ్చాం.

2022 డిసెంబరులో మాండూస్ తుపాను మామల్లపురం దగ్గర తీరం దాటిన రాత్రి మేము పలమనేరు అవతల మా వదినవాళ్ల తోటలో ఉన్నాం. వాళ్లింట్లో ఫంక్షను, ఇల్లంతా చుట్టాలు, పడుకోవడానికి చోటు లేదు. మనకు ట్రైలరుంది కదా అని మా ఆయన గర్వంగా బావి పక్కన తీసుకెళ్లి పెట్టాడు. పలమనేరు ఎత్తు మీద ఉండే ఊరు, మామూలు డిసెంబరులోనే చలి. ఆ రోజు చలికి తోడు ఏటవాలు వాన, గాలి. చలికి ఆగలేరని వదిన పెద్ద నూలు దుప్పట్లు రెండు ఇచ్చింది. అవి పిల్లల మంచం మీద వేశాను.

అర్ధరాత్రి దాటాక చిన్నది నన్ను లేపింది. "మా, నా కాళ్లు తడిసిపోయినాయి." పక్కలో పోసుకుందని పెద్దోడు ఎగతాళి, అది ఏడుపు. లైటేసి చూశాం. పైన గుడ్డ కారడం లేదు. జిప్పులన్నీ వేసే ఉన్నాయి. కిటికీల ప్లాస్టిక్కు దగ్గరా ఏమీ లేదు. పరుపు మాత్రం కాళ్ల వైపు చెమ్మగా ఉంది. పైకెత్తితే అడుగుభాగం మొత్తం నానిపోయి ఉంది, చెక్క మీద నీళ్లు నిలబడ్డాయి. పైన పొడి, కింద మడుగు. ఇదెక్కడి లీకేజీ?

మా ఆయన గొడుగేసుకుని బయటికెళ్లి టార్చి కొట్టి చూస్తే దొరికింది. వదిన ఇచ్చిన దుప్పట్లలో ఒకదాని అంచు పరుపు పక్కనుంచి జారి, గుడ్డకూ మంచం చెక్కకూ మధ్య ఉండే సన్నటి సందులోంచి బయటికి తొంగి చూస్తోంది. బెత్తెడు కొస వానలో నానుతోంది. దీపంలో వత్తి నూనె పీల్చినట్టు ఆ దుప్పటి గంటలకొద్దీ వాన నీళ్లు పీల్చి లోపలికి తెచ్చింది. గుడ్డలో చిల్లు లేదు, కుట్టులో లోపం లేదు, అయినా పరుపు నానింది. ఆ అంచు దగ్గర ఒక రబ్బరు పట్టీ వేసి ఉంటే సరిపోయేది. అంత డబ్బు తీసుకుని బండి కట్టినవాళ్లకు ఆ పట్టీ వేయాలని ఎందుకు తోచలేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

సరే, అది ఆ మంచం సంగతి. అనుమానమొచ్చి మా మంచం పరుపు కూడా ఎత్తి చూశాను. అక్కడ ఏ దుప్పటీ సందులోకి జారలేదు. అయినా పరుపు అడుగున చెయ్యి పెడితే జిగటగా చెమ్మ. దాని కారణం ఆ రాత్రి తెలియలేదు.

పిల్లల మంచం మూసేసి అందరం మధ్యలో సర్దుకుందామనుకుంటే అసలు తంటా అక్కడ వచ్చింది. మంచం తలుపు మూయాలంటే గుడ్డను లోపలికి తోసి, పరుపు మీదకు మడిచి, బయటనుంచి తలుపు ఎత్తి గొళ్లెం వేయాలి. గుడ్డ తడిగా ఉంటే ఆ నీళ్లన్నీ పరుపు మీదకే. బయట ఒకరు తడవాలి, లోపల అందరూ తడవాలి. గొడుగు తిరగబడ్డాక మా ఆయన ఆ ప్రయత్నం మానేశాడు. అత్తమ్మతో కలిపి ఐదుగురం మధ్య పరుపు మీద కూర్చునే తెల్లవార్చాం. పొద్దున వదిన కాఫీ తెచ్చి, "మా వరండాలో పండుకున్నోళ్లు బాగా నిద్రపోయినారు" అంది. తను మామూలుగానే అన్నది, నాకే గుచ్చుకుంది.

బండి కట్టినవాళ్లకు ఫోన్ చేస్తే వచ్చిన సలహా ఇది: "తడిగా ఉన్నప్పుడు మడవకండి మేడమ్." అంటే తుపాను ఆగి, ఎండ వచ్చి, గుడ్డ ఆరేదాకా మేము పలమనేరులోనే ఉండాలన్నమాట. పిల్లలకు సోమవారం స్కూలు.

తడిగానే మడిచి తెచ్చాం. తిరుపతిలో మా ఇల్లు కరకంబాడి రోడ్డు వైపు, పక్కన ఒక ఖాళీ ప్లాటు ఉంది. అదే మా అదృష్టం. అక్కడ బండి తెరిచి పెట్టాను. ఎండ మాత్రం రాలేదు. ముసురు, మధ్యలో ఒక గంట వెలుతురు, మళ్లీ ముసురు. చినుకు పడితే పరుగెత్తి మూయడం, ఆగితే తెరవడం. పెడస్టల్ ఫ్యాన్లు రెండు లోపల పెట్టి ఎక్స్‌టెన్షన్ బాక్సు కిటికీలోంచి లాగాను. మధ్య గుడ్డ త్వరగానే ఆరుతుంది. కుట్ల దగ్గర, జిప్పు మడతల్లో, అంచు పట్టీల్లో తడి రోజుల తరబడి ఉండిపోతుంది. వీధిలో పోయే ఒక పెద్దావిడ ఆగి చూసి, "టిఫిన్ బండి పెడతా ఉండారా పాపా? దోసె ఎంత?" అని అడిగింది. లేదంటే నమ్మలేదు. మర్నాడు మళ్లీ వచ్చి ఎప్పుడు మొదలుపెడతారని అడిగింది.

మూలల్లో నల్ల చుక్కలు రానే వచ్చాయి. బూజు పొడిగా ఉన్నప్పుడే మెత్తటి బ్రష్‌తో దులిపి, వెనిగరు నీళ్లలో కలిపి తుడిచాను. వాసన పోయింది, చుక్కల మచ్చలు కొన్ని ఉండిపోయాయి. బ్లీచింగు మాత్రం వాడకండి. మచ్చతో పాటు గుడ్డ మీద నీళ్లు నిలవకుండా వేసిన పూత కూడా పోతుంది.

మా మంచం కింద చెమ్మ సంగతి తర్వాత హార్స్‌లీ హిల్స్‌లో తేలింది. బాకరాపేట కనుమ, పీలేరు, వాయల్పాడు, మదనపల్లె మీదుగా వెళ్లాం. కొండ మీద ఒక రిసార్టువాళ్ల ఖాళీ జాగాలో పెట్టుకోనిచ్చారు. వాన చుక్క లేదు. పొద్దున లేస్తే లోపలి వైపు గుడ్డంతా నీటి బొట్లు, పరుపు అడుగున అదే జిగట. అంటే ఆ నీళ్లు బయటివి కావు, మావే. నిద్రలో మనం వదిలే ఊపిరిలో ఆవిరి చల్లటి గుడ్డకు తగిలి నీరవుతుంది. మంచం చెక్క గాలిలో తేలుతూ ఉంటుంది కాబట్టి కిందనుంచీ చల్లబడుతుంది, పైన ఒంటి వెచ్చదనం, మధ్యలో స్పాంజి పరుపు. చెమ్మ చేరడానికి అంతకన్నా అనువైన చోటు ఉండదు. పైగా లోపలే గ్యాస్ స్టవ్ మీద అన్నం, చారు. కిలో గ్యాస్ మండితే కిలోన్నర పైగా నీటి ఆవిరి పుడుతుందన్న సంగతి తెలిశాక వంట బయటికి మార్చేశాం. అత్తమ్మ చలి సోకుతుందని కిటికీలన్నీ బిగించేది. ఎదురెదురు కిటికీలు పైన నాలుగు వేళ్ల సందు తీసి ఉంచాలని ఆమెను ఒప్పించడానికి నాకు ఒక సీజను పట్టింది. సందు తీస్తే బొట్లు బాగా తగ్గాయి, చలి పెరిగింది. రెండూ ఒకేసారి తగ్గే దారి మాకు దొరకలేదు.

హీటరు కథ చిన్నదే. వెయ్యి వాట్లది పెడితే పెట్టె భాగం వెచ్చబడుతుంది, గుడ్డ మంచాల్లో మాత్రం వేడి నిలవదు. తోటల్లో వోల్టేజి పడిపోతే అదీ లేదు. అత్తమ్మ బొగ్గుల కుంపటి లోపల పెట్టుకుందామంది. అది మాత్రం ఎవరేమన్నా వద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది.

ఈ బండితో ఇప్పటికీ తిరుగుతున్నామంటే అది కట్టినవాళ్ల గొప్ప కాదు, రేణిగుంట రోడ్డులో లారీ పట్టలు కుట్టే ఒక అన్న గొప్ప. గుడ్డ మంచాల మీద కప్పడానికి పట్ట కావాలని వెళ్తే ఆయన బండి చుట్టూ ఒకసారి తిరిగి, గుడ్డ పట్టుకుని చూసి, "పట్ట గుడ్డకు తగలకూడదమ్మా. జానెడు సందు ఉండాల, నడాన గాలి ఆడాల" అన్నాడు. మేము దుప్పటిలా కప్పేద్దామనుకున్నాం. ఆయన పైపులు వంచి రెండు కమ్మీలు చేయించి, వాటి మీద పట్ట నిలబడేలా కుట్టి, అంచులకు కన్నాలు కొట్టి తాళ్లు ఇచ్చాడు. వాన ఇప్పుడు పట్ట మీద పడుతుంది. కింద గుడ్డ చాలావరకు పొడిగా ఉంటుంది, పొడిగానే మడుస్తాం. తడి పట్టను గోనెసంచిలో కుక్కి బండి ముందు కొక్కెం దగ్గర కట్టేస్తాం. ఇంటికొచ్చాక దాన్ని మిద్దె మీద తాడుకు వేస్తే అయిపోయింది. ఫ్యాన్లు లేవు, దోసె రేట్లు లేవు.

పరుపు కింద కొబ్బరి పీచు చాప వేశాం. పీచు మందంగా ఉంటుంది కాబట్టి చెక్కకూ పరుపుకూ మధ్య గాలి ఆడుతుంది. అది ఇంత బాగా పనిచేస్తుందని నేను అనుకోలేదు. పరుపు అడుగున జిగట దాదాపు పోయింది. దుప్పట్లు గుడ్డ గోడకు తగలకుండా చుట్టూ చెయ్యెడల్పు ఖాళీ వదులుతాం. అది ఇంట్లో అందరికీ ఇప్పుడు అలవాటే, చిన్నదానికి మరీను.

పట్టను పొగిడాను గానీ గాలి గట్టిగా వీస్తే అది రాత్రంతా టపటపా కొట్టుకుంటుంది. నిద్ర తేలికగా పట్టేవాళ్లకే ఓకే. పొగమంచుకు అది పెద్దగా అడ్డం కాదు, కొండ మీద రెండు రాత్రులుంటే గుడ్డ ఎంతో కొంత చెమ్మగిల్లుతుంది. 2023లో మిగ్‌జాం తుపాను వచ్చినప్పుడు ఈ పట్టను పరీక్షిద్దామని మా ఆయన సరదా పడ్డాడు. బండి తాళాలు నేను దాచేశాను.

కొనొచ్చా అని చుట్టాల్లో కొందరు అడుగుతున్నారు. మాకు పక్కన ఖాళీ ప్లాటు ఉంది, పట్ట ఆరేయడానికి మిద్దె ఉంది, పొద్దున పూట ఇంట్లో ఉండే మనిషిని నేనున్నాను. మీది అపార్టుమెంటులో మూడో అంతస్తు, బండి ఎక్కడో అద్దె షెడ్డులో పెడతారంటే ఇది మీకు కాదు. పూర్తిగా గట్టి గోడలున్నది చూసుకోండి, మంచాలు తగ్గినా పర్లేదు. చిన్నపిల్లలుండి, చుట్టాల తోటల్లో ఎక్కువగా ఉండేవాళ్లయితే ఐదుగురికి పడక ఇంత తక్కువ బరువులో ఇంకోదాంట్లో రాదు, ఆ మాట ఒప్పుకోవాలి. మా పిల్లలు ఇంకొంచెం ఎదిగి మాతో రావడం మానేస్తే ఒక చివర గుడ్డ తీసేయించి గట్టి గోడ పెట్టించాలని నేనంటున్నాను. మా ఆయన వద్దంటున్నాడు, ఆయన ఆరబెట్టడు కదా.

సెకండ్ హ్యాండులో చూస్తున్నవాళ్లు రంగు, టైర్ల సంగతి తర్వాత చూసుకోండి. ముందు మంచాలు తెరిపించి పరుపులు ఎత్తండి. చెక్క నాలుగు మూలలా బొటనవేలితో గట్టిగా నొక్కండి, మెత్తగా దిగితే లోపల కుళ్లినట్టే. గుడ్డ జిప్పు మడతల్లో ముక్కు పెట్టి వాసన చూడండి. అప్పుడే తుడిచిన సువాసన ఏదైనా వస్తే, వాన పడ్డ వారంలో మళ్లీ వస్తామని చెప్పి వచ్చేయండి.