ఫరీదాబాద్‌లో జనరేటర్ ఛార్జీ

జూన్‌లో ఢిల్లీకి పెళ్లికెళ్లాం. అక్కడ గదులు మూడు వేలకు తక్కువ లేవని మా ఆవిడ ఫోన్లో వెతికి పక్కనే హర్యానాలో ఉన్న ఫరీదాబాద్‌లో 1,400కి ఏసీ గది పట్టింది. ఢిల్లీ కశ్మీరీ గేట్ నుంచి మెట్రోకి అప్పుడు 60 రూపాయలు అయింది. అక్కడిదాకా లాభమే.

గదిలో దిగిన గంటకే కరెంటు పోయింది. కిందికెళ్లి హోటల్ వాణ్ని అడిగితే "జనరేటర్‌కి వేరే సార్, రాత్రికి 300" అన్నాడు. బుకింగ్‌లో లేదు కదయ్యా అంటే, గోడకి అంటించిన చేతిరాత కాగితం చూపించాడు. అందులో 300 ఒక్కటే వేరే ఇంకు! మామగారు అప్పటికే బనీనుతో మెట్ల మీద కూర్చుని పేపరుతో విసురుకుంటున్నారు. "ఇచ్చేయండి అల్లుడుగారూ" అన్నారు. ఇచ్చాను. తీరా చూస్తే జనరేటర్ మీద ఫ్యాను తప్ప ఏసీ నడవదట. అదనపు పరుపు ఇంకో 250. మొత్తం 1,950 వదిలింది. మా ఆవిడ మధ్యాహ్నం దాకా నాతో మాట్లాడలేదు, గది వెతికింది తనే అయినా.

ఊరు మాత్రం నచ్చింది. అందులో ఎన్‌ఐటీ అనే పేట ఉంది. ఎన్‌ఐటీ అంటే వరంగల్‌లో ఉన్నటువంటి కాలేజీ అనుకున్నారు మామగారు. కాదు, న్యూ ఇండస్ట్రియల్ టౌన్‌షిప్. దేశ విభజన తర్వాత, ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న బన్నూ నుంచి, అక్కడి వాయవ్య సరిహద్దు రాష్ట్రంలోని మిగతా ఊళ్ల నుంచి వచ్చిన శరణార్థుల కోసం కట్టిన పారిశ్రామిక పట్టణం. 1607లో జహంగీర్ కోశాధికారి షేక్ ఫరీద్ కట్టించిన పాత ఊరు వేరే ఉంది. ఎన్‌ఐటీ ఒకటో నంబరు మార్కెట్‌లో ప్లేటు 60కి ఛోలే కుల్చా (శనగల కూర, మెత్తటి రొట్టె) తిన్నాం. ఉల్లిపాయ మీద ఆమ్‌చూర్ (ఎండు మామిడి పొడి) చల్లి, అడగకుండానే రెండోసారి ఛోలే పోశాడు ఆ పెద్దాయన. వాళ్ల నాన్న బన్నూ మనిషి. శరణార్థులే కూలికి కుదిరి తమ ఇళ్లు తామే కట్టుకున్నారట. మొదట్లో కరెంటు కోసం, యుద్ధ నష్టపరిహారంగా జర్మనీ నుంచి మనకొచ్చిన డీజిల్ ప్లాంటును తెచ్చి పెట్టారు. "దానికి రాత్రికి ఎంత తీసుకున్నారో!" అన్నారు మామగారు. మా ఆవిడ అప్పుడు నవ్వింది.

సూరజ్‌కుండ్‌కి ఆటో 220. పదో శతాబ్దపు తోమర్ రాజుల కోనేరు, అర్ధచంద్రాకారంలో మెట్లు. నీళ్లు లేవు. 1987 నుంచి ఏటా ఇక్కడ చేతివృత్తుల మేళా జరుగుతుంది కాబట్టి ఫిబ్రవరిలో రండి, జూన్‌లో వద్దు. గది తీసుకునేముందు జనరేటర్ మీద ఏసీ నడుస్తుందో లేదో అడిగి, జవాబు మెసేజ్‌లో పెట్టించుకోండి.

తిరుగు ప్రయాణం మెట్రోలోనే, బల్లభ్‌గఢ్‌లో ఉన్న లైను చివరి స్టేషన్ నుంచి. దాని పేరు రాజా నాహర్ సింగ్. ఆయన 1857 తిరుగుబాటులో బ్రిటిష్ వాళ్లకు ఎదురు నిలబడిన ఇక్కడి రాజు. మామగారికి సీటు దొరికింది, చల్లగా నిద్రపోయారు. ఎర్రకోట దగ్గర లేపి దింపాను. ఆ రాజును 1858 జనవరి 9న ఉరితీసిన చాందినీ చౌక్ అక్కడికి నాలుగడుగులే.