సగంలో ఆగే డిక్కీ డోరు: మోటారు మార్చాలా, స్ట్రట్ మార్చాలా, వైరింగ్ చూపించాలా?

ఇక్కడ మిషిగన్‌లో చలి ముదిరిందంటే చాలు, తెలిసినవాళ్లలో ఎవరో ఒకరు ఇదే ప్రశ్నతో ఫోన్ చేస్తారు. ఏడెనిమిదేళ్లు నడిచిన స్టేషన్ వ్యాగన్‌లో బటన్ నొక్కితే డిక్కీ డోరు సగం లేచి ఆగిపోతోందనీ, వర్క్‌షాపువాళ్లు మోటారు మొత్తం మార్చాలంటున్నారనీ, మార్పించడమా, జంక్‌యార్డు నుంచి పాతది తెచ్చుకోవడమా, వైరింగ్ చూపిస్తే సరిపోతుందా అనీ అడుగుతారు. కిందటి జనవరిలో మా బండికీ ఇదే వచ్చింది కనుక, నేను దేన్ని ముందు చూస్తానో, ఎందుకు చూస్తానో వివరంగా రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు బ్యాటరీని పూర్తిగా చార్జ్ చేసి చూడాలి. ఓల్టేజీ తగ్గినప్పుడు కంట్రోల్ మాడ్యూల్ (డోరును నడిపే ఎలక్ట్రానిక్ పెట్టె) డోరును కదపడానికే ఒప్పుకోదు. అది సరిగా ఉండి కూడా డోరు ఆగుతోందంటేనే అసలు పోలిక మొదలవుతుంది.

నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారాన్ని తేల్చేది డోరు బరువును ఎవరు మోస్తున్నారన్న ప్రశ్న. మా బండిలో ఉన్నట్టు ఒకవైపు స్పిండిల్ (లోపల మోటారు, స్ప్రింగు ఉండి డోరును నెట్టే గొట్టం), రెండోవైపు మామూలు గ్యాస్ స్ట్రట్ (నొక్కిపెట్టిన గ్యాసుతో డోరును ఎత్తి పట్టే కడ్డీ) ఉన్న అమరికలో, బరువులో ఎక్కువ భాగాన్ని మోసేవి స్పిండిల్ గొట్టంలోని స్ప్రింగు, స్ట్రట్‌లోని గ్యాసు. మోటారు పని కదిలించడం మాత్రమే. గ్యాసు తగ్గితే ఆ లోటు మోటారు మీద పడి, అది నెమ్మదిస్తుంది. మోటారు తిరిగే వేగాన్ని హాల్ సెన్సర్ ద్వారా గమనిస్తున్న మాడ్యూల్, దారిలో ఏదో అడ్డు తగిలిందనుకుని డోరును ఆపేస్తుంది, లేదా వెనక్కి దించుతుంది. అందువల్ల స్ట్రట్ బలహీనపడినా చూసేవాళ్లకు మోటారు పోయినట్టే కనిపిస్తుంది. దీనికి చలి తోడవుతుంది. 20 డిగ్రీల సెల్సియస్ నుంచి మైనస్ 10కి దిగితే మూసి ఉన్న గ్యాసు పీడనం దాదాపు పదో వంతు పడిపోతుంది కనుక, వెచ్చటి గరాజులో బాగానే తెరుచుకున్న డోరు ఆఫీసు పార్కింగులో మొరాయిస్తుంది. ఈ తేడా కనిపిస్తే నేను మొదట అనుమానించేది స్ట్రట్‌నే.

మా బండి డోరు మొరాయించిన రోజు ఉదయం దాన్ని చేత్తో పూర్తిగా పైకెత్తి వదిలితే, అది నెమ్మదిగా నా భుజం ఎత్తుదాకా దిగివచ్చింది. దగ్గరికి వెళ్లి చూస్తే స్ట్రట్ కడ్డీ సీలు దగ్గర దుమ్ము పట్టిన నల్లటి నూనె చార కనిపించింది. నన్ను కలవరపెట్టింది ఖర్చు కాదు. అంతకు ముందు వారమే మా అమ్మ ఆ డోరు కింద నిలబడి కూరగాయల సంచులు సర్దింది. తెరిచిన డోరు మనిషి తల మీదికి దిగకుండా నిలవడం, బటన్ పనిచేయడం కంటే ముఖ్యమని నేను గట్టిగా నమ్ముతాను. అందుకే నా ఓటు ముందుగా స్ట్రట్‌కే. గొట్టం మీద న్యూటన్లలో ముద్రించిన బలం చూసి సరిగ్గా అదే తెచ్చుకోవాలి. మరీ బలమైనది వేస్తే మూసేటప్పుడు మోటారు అవస్థ పడుతుంది. డోరుకు గట్టి కర్ర ఆనించి, రెండు చివర్ల క్లిప్పులను సన్నటి స్క్రూడ్రైవర్‌తో లేపితే పని అరగంటలో అయిపోతుంది. స్పిండిల్ గొట్టాన్ని మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ విప్పకండి. లోపలి స్ప్రింగు బాగా నొక్కుకుని ఉంటుంది, విప్పితే ఎగిరి గాయపరుస్తుంది.

వైరింగ్ లోపం లక్షణాలు వేరు. పైకప్పుకీ డోరుకీ మధ్య ఉన్న రబ్బరు గొట్టంలోని వైర్లు తెరిచిన ప్రతిసారీ వంగి, చలికి పైతొడుగు పగిలి, క్రమంగా తెగుతాయి. మా స్నేహితుడి బండిలో డోరు కదిలినప్పుడల్లా నంబరు ప్లేటు దీపం ఆరి వెలిగేది, వెనక కెమెరా బొమ్మ మాయమయ్యేది. రబ్బరును వెనక్కి లాగితే పచ్చబడిన రాగి తీగ బయటపడింది. ఇలాంటి సంకేతాలుంటే మోటారు జోలికే వెళ్లనక్కర్లేదు. అయితే తెగినచోటే సోల్డర్ చేస్తే ఆ అతుకు బిరుసెక్కి దాని పక్కనే మళ్లీ తెగుతుంది కనుక, మెత్తటి సిలికాన్ తొడుగున్న వైరును వంపు మేరకు పూర్తిగా వేసి, అతుకులు రెండూ వంపుకు అవతల పడేలా చేయించాలి.

కొత్త స్పిండిల్ అన్నిటికంటే ఖరీదైనది. మోటారు తిరుగుతున్న శబ్దం వస్తున్నా డోరు కదలకపోతే, లేదా లోపల గేర్ల పళ్లు గీరుకుంటున్న చప్పుడు వస్తే దానికి ప్రత్యామ్నాయం లేదు. జంక్‌యార్డు స్పిండిల్‌ను నేను సిఫారసు చేయను. దానిలోని స్ప్రింగుకూ మన బండి అంత వయసే ఉంటుంది. పవర్ తీసేసి చేత్తో వాడుకోవడం కూడా మంచి స్ట్రట్లు ఉంటేనే కుదురుతుంది.

మోటారు మార్చక తప్పదని తేలితే, అదే రోజు రెండోవైపు స్ట్రట్ కూడా కొత్తది వేయించండి; లేకపోతే పాత స్ట్రట్ వదిలేసిన బరువు కొత్త మోటారు మీద పడుతుంది. పని కోసం బ్యాటరీ తీగ విప్పి ఉంటే, చాలా బండ్లలో డోరును చేత్తో పూర్తిగా మూసి, తర్వాత బటన్‌తో ఒకసారి తెరిచి మూస్తే మాడ్యూల్ హద్దులను మళ్లీ గుర్తుపెట్టుకుంటుంది; మీ బండికి సరైన క్రమం మాన్యువల్‌లో ఉంటుంది.